తడి ఆరిన రాళ్ల కుప్ప

ఆదివారం పొద్దున మా ఇంటికి కుర్రవాళ్లు వస్తారు. ఒకడు గిద్దలూరులో రైల్వే పనికి కొత్తగా కుదిరినవాడు. ఒకడు దర్శిలో బట్టల దుకాణం గుమాస్తా. ఇంకొకడికి ఇంకా ఏ పనీ దొరకలేదు గాని, రాబోయే సంపాదనను ఎక్కడ దాచాలో ముందే తెలుసుకుని పెట్టుకుందామని వస్తాడు. అందరిదీ ఒకటే ప్రశ్న.

"మామా, నా చేతిలో యాభై రూపాయలుండాయి. దేంట్లో పెడితే పెరుగుతాయి?"

నేను కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంటాను. ఈ ఒక్క పనితోనే సగం నమ్మకం కుదురుతుంది. తరువాత చెబుతాను: తొందరపడి అమ్ముకునేవాడు బాగుపడడు, నిలవ పెట్టుకున్నవాడిదే లాభం అని. వాళ్లు తలలూపుతారు. మా ఇంటావిడ మజ్జిగ ఇస్తుంది. మార్కాపురం చుట్టుపక్కల డబ్బు సంగతి తెలిసినవాడంటే నేనేనని ఇరవై మూడేళ్లుగా పేరు. ఆ పేరు ఎట్లా వచ్చిందని మాత్రం మజ్జిగ తాగినవాళ్లలో ఒక్కడూ అడగలేదు.

పోయిన నెల తర్లుపాడు దగ్గర క్రైస్తవుల పాలెంలో ఒక ముసలాయన్ని మట్టి చేశారు. పలకరాయి చీల్చే పనివాడు. నేనూ వెళ్లాను. పాస్టరుగారు ప్రార్థన ముగించారు, జనం మట్టి వేసి చేతులు దులుపుకున్నారు. నా పక్కన నిలబడ్డ పెద్దమనిషి ఒకాయన, రాతి పనితో గాని, పాలెంతో గాని ఏ సంబంధమూ లేనివాడు, నిట్టూర్చి అన్నాడు:

"మంచోడే పాపం. తాగుడొకటి లేకుంటే. ఒకసారి తాగి పనికి పోయి, పలకరాళ్ల కుప్పంతా పాడు చేసినాడంట గదా?"

చనిపోయినాయన జన్మలో సారా చుక్క ముట్టలేదు. ఆ తాగుడు ఆయనకు అంటించింది నేను. ఒక్కసారి, ఒకే ఒక్క వాక్యంలో. నేను పెట్టిన మదుపులన్నిటిలో ఏ లోటూ లేకుండా ఏటేటా పెరుగుతూ వచ్చింది ఆ వాక్యమే. ఆయన కూతురు నాలుగడుగుల దూరంలో నిలబడి ఆ మాట విన్నది. పెద్దమనిషి వైపు చూడలేదు. నా వైపు చూసింది.

అందుకే ఇది రాస్తున్నాను. కుర్రవాళ్లు చదవాలి, ముసలాయన పేరుకు పట్టిన మచ్చ పోవాలి. ఈ రెండో పని కాగితంతో అవుతుందో లేదో నాకు తెలియదు.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. స్కూలు ఫైనలు పాసై ఇంట్లో ఉన్నాను. చెన్నపట్నం నుంచి పత్రిక రెండు రోజులు ఆలస్యంగా రైలెక్కి వచ్చేది. అందులో పత్తి ధర, నూనెగింజల ధర, బంగారం ధర పైకి చదివేవాణ్ణి. మాకు పత్తి పొలం లేదు. బంగారం అమ్మ మెడలో ఉన్నది తప్ప వేరే లేదు. అయినా చదివేవాణ్ణి. పక్కింటివాళ్లు వినేవాళ్లు. ధర పైకి చదవగలిగినవాడికి ధర పెంచే ఉపాయం కూడా తెలుసుననుకోవడం మా ప్రాంతపు మర్యాద.

నాకు మదుపు పాఠం నేర్పింది పత్రిక కాదు, నాయన. మాది జొన్న పండే మెట్ట. కోతలయ్యాక ఊళ్లో అందరూ అమ్ముకుంటుంటే నాయన జొన్నలను పాతరలో పోయించి, పైన మట్టి కప్పించి, దాని మీద మంచం వేసుకుని కూర్చునేవాడు. ఎండాకాలం చివర, కొత్త పంట ఇంకా విత్తకముందు, ధర ఎక్కినప్పుడు పాతర తీయించేవాడు. కొమరోలులో మా మేనమామదీ ఇదే పద్ధతి. జొన్న గింజగా ఉంటే ఏడాదైనా ఉంటుంది, పిండి చేస్తే వారానికే పురుగు పడుతుంది. కాబట్టి గింజను గింజగానే ఉంచు, ధర వచ్చేదాకా ముట్టుకోకు. ఇదీ మా ఇంటి అర్థశాస్త్రం. జొన్నల విషయంలో ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. వచ్చిన చిక్కల్లా నాకు ప్రపంచమంతా జొన్నలుగా కనబడటంతోనే.

ఆ ఏడు నాయన జొన్నలమ్మిన డబ్బులో నూటయాభై తీసి నా చేతిలో పెట్టాడు. "నీ తెలివేందో చూపీ," అన్నాడు. నేను పలకల మీద చూపిద్దామనుకున్నాను. మార్కాపురం పక్కన పలకరాయి గనులున్నాయి. అక్కడి రాయి పొరలు పొరలుగా విడుస్తుంది. చీల్చి, రుద్ది, చట్రం కట్టి రైల్లో పంపితే దేశంలో పిల్లలందరూ దాని మీద అక్షరాలు దిద్దుతారు. బడులు తెరిచే ముందు పలకల ధర ఎక్కుతుంది. మాఘంలో ఎవరికీ పలక అక్కర్లేదు, కాబట్టి రాయి చవక. మాఘంలో కొని జ్యేష్ఠంలో అమ్మడం. ఇంత సులువైనది ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదే అని నాకు ఆశ్చర్యం వేసింది. ఎవరికీ తట్టలేదంటే అందుకు కారణం ఏదైనా ఉండవచ్చునని మాత్రం తట్టలేదు.

నూటయాభై చాలలేదు. కాస్త పెద్ద కుప్ప కొంటే గనివాడు ధర తగ్గిస్తానన్నాడు. అప్పుడు గుర్తొచ్చాడు ఈ చనిపోయినాయన. అన్నా అని పిలిచేవాణ్ణి. ఎదుట అన్నా, వెనక వాడు. ఇప్పుడు ఆయన అని రాస్తున్నాను, ఖర్చేమీ లేదు కాబట్టి సులువుగానే వస్తున్నది. ఆయన తమ్ముళ్లిద్దరూ మా పొలంలో పని చేసేవాళ్లు. ఆయన మాత్రం పలకలు చేసే షెడ్డులో రాయి చీల్చేవాడు. ఆయన ఉలి పెడితే రాయి పుస్తకంలా విప్పుకుంటుందని పేరు. పోస్టాఫీసు పుస్తకంలో ఆయనకు నూటఇరవై రూపాయలున్నాయని ఊరంతటికీ తెలుసు. పన్నెండేళ్లుగా రూపాయి, అర్ధ రూపాయి చొప్పున వేసుకున్నది. అది కూతురి కోసం. ఆ పిల్ల క్రైస్తవ మిషను బడిలో ఎనిమిదో తరగతి పాసైంది. జూన్‌లో టీచరు ట్రైనింగుకు పంపాలని ఆయన కోరిక.

"అన్నా, పోస్టాఫీసోళ్లు ఏమిస్తారు నీకు?" అన్నాను. "ఆ వడ్డీ నత్త నడక. ఈ రాయి మీద పెట్టు, జూన్‌ నాటికి నూటఇరవై రెండింతలైతుంది. పిల్లను ట్రైనింగుకు పంపి, మిగిలిన డబ్బుతో నువ్వు ఇల్లు కప్పించుకోవచ్చు."

ఆయన తలగుడ్డ తీసి మళ్లీ చుట్టుకున్నాడు.

"రాయి మంచిదే అబ్బయ్యా. నేనూ చూసినా. కొంటానే చీల్చేద్దాం. వచ్చిన ధరకు అమ్మి, ఆ డబ్బుతో ఇంగో కుప్ప. అట్ల నాలుగు తిప్పులు తిప్పితే జూన్‌ నాటికి నువ్వు చెప్పినంత కాకున్నా, ఎంతో కొంత వస్తాది."

"ఇప్పుడు చీల్చి యాడ పెడతావన్నా? పలచని పలక, పగిలిపోదా? దిమ్మ దిమ్మగా ఉంటే ఎవడేం చేస్తాడు? గింజ నిలవుంటాది గాని పిండి నిలవుంటాదా?"

"ఇది గింజ గాదు గదా అబ్బయ్యా."

"రాయన్నా, రాయి! గింజకు పురుగన్నా పడతాది. రాయికేం పడతాది?"

"ఎండ పడతాది," అన్నాడు ఆయన. "గనిలోంచి తీసిన రాయిలో తడి ఉంటాది. ఆ తడి ఉన్నంతసేపే పొర విడుస్తాది. ఆరితే మొండికేస్తాది."

నేను నవ్వాను. అప్పటికి నేను జీవితంలో ఒక్క రాయిని కూడా చీల్చలేదు. చీల్చడం దగ్గర్నుంచి చూసినవాణ్ణి కూడా కాదు. ఆయన పాతికేళ్లుగా ఆ పనే చేస్తున్నాడు. కాని పత్రిక చదివేది నేను. "కొండంతా ఎండలో లేదా అన్నా? అది ఆరిందా?" అన్నాను. చాలా గొప్ప వాదన అనుకున్నాను. ఇప్పటికీ కొందరు కుర్రవాళ్లు నాతో వాదించేటప్పుడు ఆ ముఖమే పెడతారు. గుర్తుపట్టగలను.

ఆయన ఒప్పుకున్నాడని ఇన్నేళ్లూ చెప్పుకుంటూ వచ్చాను. ఇది సరిదిద్దవలసిన మొదటి సంగతి. ఆయన ఒప్పుకోలేదు. కాదనలేకపోయాడు. తమ్ముళ్లు మా పొలంలో ఉండగా మా నాయన కొడుకుతో ఎంతని వాదిస్తాడు? రెండు రోజుల తరువాత మార్కాపురం పోస్టాఫీసుకు నాతో వచ్చి, వేలిముద్ర వేసి, డబ్బు తీసి ఇచ్చాడు. కిటికీలో పోస్టుమాస్టరు, "అంతా తీసేస్తున్నావా?" అని ఆయన్ని అడిగాడు. జవాబు నేను చెప్పాను.

దిమ్మలు బండ్ల మీద తోలించి, మా పొలం గట్టున కుప్ప వేయించాను. దొంగల భయానికి చుట్టూ ముళ్లకంప నాటించి, కాపలాకు ఒక మనిషిని పెట్టి కూలి ఇచ్చాను. బండెడు రాళ్లను భుజాన వేసుకుని పారిపోయే దొంగ మా తాలూకాలో ఎవడో నాకు తెలియదు. కాని పాతరకు కాపలా ఉంటుంది గదా, అందుకని దీనికీ. కొత్తగా డబ్బు పెట్టినవాడికి దాన్ని కాపాడుతున్నాననే తృప్తి కూడా కావాలి, లాభం సంగతి తరువాత.

ఫాల్గుణంలో ఒకనాడు వెళ్లి చూస్తే కుప్ప ఉత్తరపు మూల మీద తడి గోతాలు కప్పి ఉన్నాయి. ఆయన కూతురు రెండు ఫర్లాంగుల అవతల బావి నుంచి నీళ్లకుండ తెచ్చి వాటి మీద పోస్తున్నది. పదహారేళ్ల పిల్ల. చెమటతో రవిక తడిసిపోయింది.

"ఏందిమ్మా, రాళ్లకు స్నానం చేపిస్తాండావా? సబ్బు తేలేదే?" అన్నాను. కాపలావాడు పకపక నవ్వాడు.

ఆ పిల్ల నవ్వలేదు. "నాయన పొయ్యమన్నాడు చిన్నాయనా. కుప్పంతటికీ చాలవంట, ఈ మూలకైనా పొయ్యమన్నాడు."

"మీ నాయనకు చాదస్తం. పో, పోయి చదువుకో."

మొలకలొస్తాయేమోనని కూడా అన్నాను. ఎంత నవ్వించానో! ఆ పిల్ల కుండ ఎత్తుకుని వెళ్లిపోయింది. మర్నాడు మళ్లీ వచ్చింది. నేను లేని వేళ చూసి రోజూ వచ్చేదని కాపలావాడు చెప్పాడు. ఆడపిల్ల పని, పోనీలెమ్మన్నాను.

చైత్రం, వైశాఖం గడిచాయి. మా వైపు ఎండలు ఎట్లా ఉంటాయో చెప్పనక్కర్లేదు. రాయి నల్లరంగు పోయి బూడిద రంగుకు వచ్చింది. నేను పత్రికలో బడులు తెరిచే వార్త కోసం చూస్తూ కూర్చున్నాను. పలకల ధర నిజంగానే ఎక్కింది. ఈ ముక్క ఎవరూ మరచిపోకూడదు. ధర గురించి నేను చెప్పింది అక్షరాలా నిజమైంది.

చీల్చే రోజున షెడ్డు ముందు జనం చేరారు. షెడ్డు షావుకారు సరుకు చూసుకోవడానికి స్వయంగా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. పనివాళ్లు పది మంది చేతులు ఆపి చూస్తున్నారు. ఆయన మొదటి దిమ్మ ముందుకు లాక్కుని, వేలితో కొట్టి విన్నాడు. ముఖం మారింది. ఉలి పెట్టి మెల్లగా సుత్తి వేశాడు. రాయి పొరగా విడవలేదు. అడ్డంగా విరిగి మూడు ముక్కలైంది. రెండో దిమ్మ. మూడోది. పదో దిమ్మకు ఆయన చుట్టూ పొయ్యిరాళ్లకు కూడా పనికిరాని పెంకులు కుప్పపడ్డాయి. నుదుటి చెమట తుడుచుకోవడానికి ఆయన ఆగితే, చెయ్యి వణకడం అందరికీ కనబడింది.

తరువాత బండివాడు ఉత్తరపు మూల దిమ్మలు తెచ్చి దించాడు, గోతాల కిందివి. ఆయన ఉలి పెట్టాడు. టప్పున విప్పుకుంది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి, నున్నగా, నల్లగా, తాంబూలం పెట్టే తమలపాకుల్లా వరసగా పరిచాడు. పనివాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

షావుకారు నన్ను అడిగాడు. "ఏంది కత? రాయి ఒకటే గనిదే గదా? ఇది ఇంత బాగ విడిస్తే, అది అట్ల పాడైపోయిందేంది?"

నిజం నోటి చివర ఉంది. నా ఇరవై రెండేళ్ల తెలివి, నాయన నూటయాభై, పత్రిక, పక్కింటివాళ్లు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. నేనన్నాను:

"రాయి మంచిదే మామా. కనబడతానే ఉండాది గదా. పొద్దున యాడనో తాగొచ్చినాడు. ఇప్పుడిప్పుడే దిగుతాంది, చెయ్యి కుదురుకుంది."

ఆయన తలెత్తి నన్ను చూశాడు. మళ్లీ తల వంచుకుని తరువాతి దిమ్మ అందుకున్నాడు.

దాని తరువాతి సంగతులు త్వరగా చెబుతాను, ఎందుకంటే త్వరగానే జరిగాయి. షావుకారు ఆయన్ని చీల్చే పీట మీద నుంచి తీసేసి పెంకులు మోసే పనిలో పెట్టాడు. మంచి పలకలమ్మగా వచ్చింది చాలా తక్కువ. అందులో ముందు నా వాటా తీసుకున్నాను. నాకు నష్టం తక్కువగా వచ్చిందని అందరూ మెచ్చుకున్నారు. ఆయన చేతికి పద్దెనిమిది రూపాయలు వచ్చాయి. ట్రైనింగు బడికి ఆ ఏడూ, ఆ తరువాతా, ఆ పిల్ల పోలేదు. షెడ్డులో పలకలు రుద్దే పనికి కుదిరింది. రాయి ఎంచడంలో నాకు మంచి కన్ను ఉందని, పనివాణ్ణి నమ్మి మోసపోయానని నా పేరు పైకి వచ్చింది. ఆ పేరు చూసుకునే ఆదివారాలు కుర్రవాళ్లు వస్తున్నారు.

మట్టి చేసిన వారం తరువాత షెడ్డుకు వెళ్లాను. ఆమె తొట్టి పక్కన కూర్చుని తడి ఇసుకతో పలక రుద్దుతున్నది. జుట్టు సగం నెరిసింది. నేను ఇంట్లో సాధన చేసుకున్న మాటలు సగం చెప్పేసరికి ఆమె చెయ్యి ఎత్తింది.

"తెలుసు చిన్నాయనా. నీళ్లు మోసింది నేనే గదా."

"మీ నాయన ఏమైనా అనేవాడా?"

"నిన్నా? లేదు. ఇంగా నాలుగు గోతాలు దొరికింటే బాగుండె అనేవాడు."

రుమాలులో కట్టి తెచ్చిన నూటఇరవై రూపాయలు తీశాను. ఆమె వాటి వైపు చూసి మళ్లీ పలక వైపు తిరిగింది.

"పద్దెనిమిది ఇచ్చినావు గదా అప్పుడు."

"అది లెక్కలోకి రాదులేమ్మా."

"రాకపోతే మానె. పోస్టాఫీసులోనే ఉండుంటే ఇప్పటికి ఎంతయ్యేది?"

నాకు తెలియదు. ఇరవై మూడేళ్లుగా డబ్బు గురించి ఉపన్యాసాలిస్తున్నవాడికి ఆ లెక్క తెలియదు.

"కనుక్కొని రా," అంది. "దానికంటే ముందు, ఆ తాగినాడనే మాట నాకెందుకు చెప్తావు, నేనేమన్నా నమ్మినానా? యాడ అన్నావో ఆడ చెప్పు."

పది అడుగుల దూరమే. పనివాళ్లు మధ్యాహ్నం సద్ది విప్పుకుంటున్నారు. పాత షావుకారు పోయాడు, ఆయన కొడుకు కుర్చీలో ఉన్నాడు. నేను నిలబడి చెప్పాను. గొంతు సవరించుకోలేదు, కళ్లజోడు తుడుచుకోలేదు. రాయి ఎండింది నావల్ల, ఆయన తాగలేదు, ఎప్పుడూ తాగలేదు, అబద్ధం చెప్పింది నేను అని.

కొత్త షావుకారు నవ్వాడు. "ఎప్పటి కత మామా ఇది! ఇప్పుడెవరికి కావాల?"

ఒక మూల నుంచి ముసలి పనివాడొకడు ముద్ద మింగి అన్నాడు: "మాకు తెలుసులేప్పా. గోతం కింద రాయి మేమూ చూసినాం."

"తెలిస్తే ఆ రోజు చెప్పలేదేం?" అన్నాను.

"మీ నాయన పొలం కయ్యల్లోనే గదా మా ఇండ్లోళ్లు కూలికి పోయేది," అన్నాడు ముసలివాడు. తరువాత మిరపకాయ కొరుక్కున్నాడు.

అంటే ఇరవై మూడేళ్లుగా నా మాట నమ్మింది రాతి పని తెలియనివాళ్లే. తెలిసిన ప్రతివాడూ నన్ను చూస్తూ, నమస్కారం పెడుతూ, నవ్వుకుంటూ వచ్చాడు. నా పేరు ఎంత గట్టి పునాది మీద ఉందో ఆ రోజు తెలిసింది.

పోస్టుమాస్టరు కొత్తవాడు. నా ప్రశ్న విని వింతగా చూశాడు గాని, ఓపికగా కాగితం మీద ఏడాదికేడాది వడ్డీ అసలులో కలుపుతూ దిగాడు. మధ్యలో వడ్డీ తగ్గిన ఏళ్లున్నాయి, వాటికి తగ్గించే వేశాడు. అట్టడుగున అంకె రెండు వందలకు దగ్గరగా తేలింది. ఈ ఇరవై మూడేళ్లలో నేను పాతరలోనూ, వేరుశనగలోనూ, ఒక చీటీలోనూ పెట్టినవాటిని మనసులో కూడి చూసుకున్నాను. నత్త నన్ను ఎప్పుడో దాటిపోయింది.

ఆ అంకెకు సరిపడా డబ్బు తీసుకుని మళ్లీ షెడ్డుకు వెళ్లాను. నేను అక్కడ చెప్పిన మాట ఆమె చెవులారా విన్నదే, అయినా ఇంకొకటి అడిగింది. "ఆ రోజు మట్టి కాడ మాట్లాడిన పెద్దమనిషికి చెప్పినావా?"

"చెప్పినానమ్మా. నమ్మలేదు. నేను మంచితనానికి పోయి నెత్తిన వేసుకుంటున్నానంట."

"మళ్లీ చెప్పు," అంది. "నమ్మిందాంకా చెప్పు."

అదీ ఈ రాత వెనక సంగతి. ఆ పెద్దమనిషికి చదువు వచ్చు.

ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుని నోట్లు అందుకుంది. పోస్టుమాస్టరు కాగితం అడిగి తీసుకుని, అంకె చూసి, మడిచి రవికలో పెట్టుకుంది. నేను వెళ్లిపోవలసింది. కాని అలవాటు ఊరుకోదు గదా.

"ఇప్పుడు ఇది దేంట్లో పెడదామనుకుంటాండావమ్మా?"

ఆమె తొట్టిలోంచి దోసెడు నీళ్లు తీసి పలక మీద పోసింది. ఇసుక చల్లింది. రుద్దడం మొదలుపెట్టి అంది:

"నీ సలహా ఒకసారి తీసుకున్నాం గదా చిన్నాయనా. చాల్లే, పో."